పెద్ద పూర్ణాంకం లక్షణాలు లెక్కించడం ఎలా: 1,23,45,67,890 ఉదాహరణగా

ఒక పెద్ద సంఖ్యకు ఎన్ని భాజకాలున్నాయి, వాటి మొత్తం ఎంత, దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు దానికంటే కింద ఎన్ని ఉన్నాయి, దాన్ని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా, 1ని దానితో భాగిస్తే దశాంశంలో అంకెలు ఎంత దూరం పోయి మళ్లీ మొదటికి వస్తాయి? ఈ ప్రశ్నలన్నిటికీ ఆధారం ఒక్కటే, ప్రధాన కారణాంకాల విభజన. అది సరిగ్గా ఉంటే మిగతావి కొద్దిపాటి గుణకారాలతో తేలిపోతాయి. అందులో ఒక్క ఘాతాంకం తప్పితే ఆ తర్వాత రాసే ప్రతి జవాబూ తప్పే. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు విభజనకూ, అది నిజంగా పూర్తయిందని రుజువు చేసుకోవడానికీ ఇచ్చాం.

ఉదాహరణకు 1,23,45,67,890 తీసుకుందాం. కాగితం, పెన్ను, 12 అంకెలు చూపించే క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. ప్రతి మెట్టులో వచ్చిన భాగఫలాన్ని రాసి పెట్టుకోండి. తప్పు దొర్లితే ఎక్కడినుంచి మళ్లీ చేయాలో దాన్ని బట్టే తెలుస్తుంది.

విభజన మొదలుపెట్టకముందే తెలిసేవి

ముందు చివరి అంకెలు చూడండి. చివర 0 ఉంది కాబట్టి 2, 5 రెండూ కారణాంకాలే. చివరి రెండంకెలు 90. ఇది 4తోనూ పోదు, 25తోనూ పోదు. అంటే 2 ఒక్కసారే, 5 ఒక్కసారే ఉన్నాయి. ఘాతాంకాలు ఇప్పుడే ఖాయమయ్యాయి.

అంకెల మొత్తం 45, కాబట్టి 9తో పోతుంది. (0 నుంచి 9 దాకా పది అంకెలనూ ఒక్కోసారి వాడి ఏ వరుసలో రాసినా మొత్తం 45 కాబట్టి అలాంటి సంఖ్య ఏదీ ప్రధానం కాలేదు.) ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అంకెల మొత్తం సూత్రం 3కీ 9కీ మాత్రమే పనిచేస్తుంది, 27కి పనిచేయదు. 1899 అంకెల మొత్తం 27, కానీ 1899ని 27 భాగించదు. కాబట్టి 27 సంగతి తెలియాలంటే ముందు 9తో భాగించి, వచ్చిన భాగఫలాన్ని మళ్లీ చూడాలి. 1,23,45,67,890ని 9తో భాగిస్తే 13,71,74,210 వస్తుంది. దీని అంకెల మొత్తం 26, 3తో పోదు. కాబట్టి 3 సరిగ్గా రెండుసార్లు ఉంది.

ఈపాటికే మరికొన్ని జవాబులు చేతికొచ్చేశాయి. చివర ఒక్కటే సున్నా ఉంది, కనుక ఇది సంపూర్ణ వర్గం కాదు. 4తో భాగిస్తే శేషం 2, కనుక దీన్ని రెండు పూర్ణాంకాల వర్గాల తేడాగా రాయలేం. అలాంటి తేడాకు 4తో భాగించినప్పుడు శేషం 2 ఎప్పటికీ రాదు. ఇది 6కి గుణిజం, 6 పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి మిగతా భాజకాల మొత్తం (1 + 2 + 3) దానికే సమానం. 6ను మించిన దాని గుణిజాలన్నిటికీ సొంత భాజకాల మొత్తం (తనను మినహాయించి) ఆ సంఖ్య కంటే ఎక్కువే ఉంటుంది. అంటే మన సంఖ్య అబండెంట్ సంఖ్య. పెద్ద కారణాంకాలేమిటో ఇంకా తెలియకుండానే ఇది తేలిపోయింది. కష్టమైన పనికి దిగేముందు ఇలా చౌకగా దొరికేవన్నీ ఏరుకోవడం మంచి అలవాటు, ఎందుకంటే తర్వాత వచ్చే జవాబులను వీటితో సరిచూసుకోవచ్చు.

2 × 3² × 5 = 90 తీసేస్తే మిగిలింది 1,37,17,421. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

చిన్న ప్రధానాలు: మూడేసి అంకెల గుంపులు

7, 11, 13లను విడివిడిగా భాగించి చూడక్కర్లేదు. 7 × 11 × 13 = 1001. వెయ్యిని 1001తో భాగిస్తే శేషం −1 లాంటిది. కాబట్టి సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోతే చిన్న సంఖ్య మిగులుతుంది. లక్షలు, కోట్ల కామాలను చూసి గుంపులు చేయకండి, లెక్క తప్పుతుంది. మన సంఖ్యలో గుంపులు 13, 717, 421.

421 − 717 + 13 = −283

283ని 7తో భాగిస్తే శేషం 3, 11తో 8, 13తో 10. మూడూ కావు.

అవే గుంపులను అన్నీ కూడితే 37కి పరీక్ష అవుతుంది, ఎందుకంటే 999 = 27 × 37. 13 + 717 + 421 = 1151, మళ్లీ 1 + 151 = 152. 37 × 4 = 148, శేషం 4. కాదు. నాలుగేసి గుంపులతో (7421 − 1371 = 6050) 73, 137 రెండూ ఒకేసారి చూడొచ్చు, ఎందుకంటే 10001 = 73 × 137. శేషాలు 64, 22. అవీ కావు. రెండేసి గుంపులతో 101 కూడా తేలిపోతుంది: 21 − 74 + 71 − 13 = 5.

మిగిలిన 17, 19, 23 లాంటివాటికి మామూలు భాగహారమే. 100 లోపు మొత్తం 25 ప్రధానాలున్నాయి. చేత్తో చేస్తున్నప్పుడు అక్కడిదాకా వెళ్లి ఆగడం సబబు. ఏదైనా ప్రధానం భాగిస్తే అక్కడే ఉండి, భాగఫలాన్ని మళ్లీ అదే ప్రధానంతో భాగించండి. అది పోనంటేనే ముందుకు వెళ్లాలి. ఒకసారి భాగించి తర్వాతి ప్రధానానికి దూకేయడం వల్లే ఘాతాంకాలు ఎక్కువగా తప్పుతాయి.

మన విషయంలో 100 లోపు ఏదీ భాగించదు. ఇలాగే పూర్తిగా పోవాలంటే 1,37,17,421 వర్గమూలం (సుమారు 3703.7) దాకా వెళ్లాలి. 500వ ప్రధాన సంఖ్య 3571. అంటే అయిదు వందలకు పైగా భాగహారాలు. ఇప్పుడు పద్ధతి మార్చాలి.

మిగిలింది ప్రధానమేమో ముందు తేల్చుకోండి

విభజన పద్ధతులేవైనా, సంఖ్య ప్రధానమైతే కారణాంకం దొరక్క తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి ముందు ప్రధాన పరీక్ష, తర్వాతే విభజన.

సులువైనది ఫెర్మా పరీక్ష. సంఖ్య ప్రధానమైతే, 2ని (సంఖ్య − 1) ఘాతానికి పెంచి ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే అది కచ్చితంగా సంయుక్తం. వస్తే మాత్రం ఏమీ రుజువు కాదు. 341 = 11 × 31 సంయుక్తమే అయినా ఆధారం (ఘాతానికి పెంచే సంఖ్య) 2తో ఈ పరీక్ష దాటేస్తుంది. 561 = 3 × 11 × 17 అయితే తనతో ఉమ్మడి కారణాంకం లేని ప్రతి ఆధారంతోనూ దాటేస్తుంది. 1,37,17,421 మాత్రం ఆధారం 2 దగ్గరే దొరికిపోతుంది. అది సంయుక్తం.

ప్రోగ్రాం రాస్తున్నవాళ్లు ఫెర్మా పరీక్ష వదిలేసి మిల్లర్–రాబిన్ వాడాలి. (సంఖ్య − 1)లోంచి 2లన్నీ బయటికి తీయండి. 1,37,17,420 = 4 × 34,29,355. ఆధారాన్ని ముందు ఆ బేసి ఘాతానికి పెంచండి. శేషం 1 గానీ (సంఖ్య − 1) గానీ వస్తే దాటినట్టే. రాకపోతే వర్గం చేస్తూ పోండి. తీసిన 2ల సంఖ్య కంటే ఒకటి తక్కువ సార్లు వర్గం చేసేలోపు (సంఖ్య − 1) కనిపించకపోతే సంయుక్తం. 3,21,50,31,751 కంటే చిన్న సంఖ్యలకు 2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలు చాలు, జవాబు కచ్చితం. 64 బిట్‌లలో పట్టే ఏ సంఖ్యకైనా 2 నుంచి 37 వరకున్న 12 ప్రధానాలు సరిపోతాయి. ఆ హద్దుల్లో యాదృచ్ఛిక ఆధారాలతో పనిలేదు.

ఫెర్మా విభజన: వర్గాల తేడా

ఒక బేసి సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే వాటి సగటును క అనీ, తేడాలో సగాన్ని గ అనీ అందాం. అప్పుడు సంఖ్య = క² − గ². కాబట్టి వర్గమూలానికి పైనున్న పూర్ణాంకం నుంచి క విలువలు ఒక్కొక్కటే తీసుకుని, క² లోంచి సంఖ్యను తీసేసి, మిగిలింది సంపూర్ణ వర్గమేమో చూడాలి.

వర్గమూలం 3703.7 కాబట్టి క = 3704 దగ్గర మొదలు. 3704² = 1,37,19,616. తీసేస్తే 2195. 5తో ముగిసే వర్గం చివర ఎప్పుడూ 25 ఉండాలి, ఇక్కడ 95 ఉంది. కాదు. తర్వాత 3705² = 1,37,27,025. తీసేస్తే 9604, అంటే 98². అయిపోయింది:

1,37,17,421 = (3705 − 98) × (3705 + 98) = 3607 × 3803

నిజానికి 3704ను చూడాల్సిన పనే లేదు. 1,37,17,421ని 4తో భాగిస్తే శేషం 1. వర్గాల శేషాలు 0 లేదా 1 మాత్రమే కాబట్టి క బేసి, గ సరి కావాలి. 3తో భాగిస్తే శేషం 2. అక్కడా వర్గాల శేషాలు 0, 1 మాత్రమే కాబట్టి క తప్పకుండా 3కి గుణిజం. రెండూ కలిపితే క విలువల్లో ఆరింటికి ఒక్కటే మిగులుతుంది, 3704 తర్వాత మొదట తగిలేది 3705. చేత్తో చేసేటప్పుడు ఈ జల్లెడ వేయకుండా మొదలుపెట్టకండి. లెక్కించాల్సిన వర్గాలు ఎంత ఎక్కువైతే, జల్లెడ వల్ల అంత లాభం.

అయితే ఈ పద్ధతి అన్నిచోట్లా ఇలా పరుగెత్తదు. కారణాంకాలు రెండూ వర్గమూలానికి దగ్గరగా ఉంటేనే ఈ వేగం. 64,55,257 = 17 × 3,79,721 తీసుకుంటే, క 2541 దగ్గర మొదలై 1,89,869 దాకా పోవాలి. అంటే 1,87,000కు పైగా మెట్లు. అదే మామూలు భాగహారంలో ఏడో ప్రధానం దగ్గరే 17 దొరికేది. అందుకే ముందు చిన్న ప్రధానాలు, తర్వాత ఫెర్మా. ఈ వరుస మార్చకండి. కాసేపు చూసి ఫలితం లేకపోతే ఫెర్మాను వదిలేయండి.

ఫెర్మా పనిచేయనప్పుడు

పొలార్డ్ 1975లో ఇచ్చిన రో పద్ధతి పది నుంచి ఇరవై అంకెల సంఖ్యలకు చక్కగా సరిపోతుంది. ఏదో ఒక సంఖ్యతో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 1 కలిపి శేషం తీసుకుంటూ పోవాలి. ఒకటి మెట్టు వేస్తే ఇంకొకటి రెండు మెట్లు వేసేలా రెండు విలువలు నడిపించి, వాటి తేడాకూ సంఖ్యకూ గ.సా.భా. చూస్తూ ఉండాలి. పట్టే మెట్లు చిన్న కారణాంకం వర్గమూలానికి అటూఇటూగా ఉంటాయి. 3607కైతే కొన్ని పదులు. గ.సా.భా. సంఖ్యకే సమానమైతే ఆ ప్రయత్నం వృథా అయినట్టు. కలిపే 1ని మార్చి మళ్లీ చేయండి. 0నీ −2నీ మాత్రం కలపకండి, వాటితో వచ్చే వరుస సరిగా కలగాపులగం కాదు.

అదే పొలార్డ్ 1974లో ఇచ్చిన పి−1 పద్ధతికి ఈ సంఖ్య చాలా మంచి పాఠం. అందులో ఒక హద్దు పెట్టుకుని, ఆధారాన్ని ఆ హద్దు లోపలి ప్రధాన ఘాతాలన్నిటి లబ్ధం ఘాతానికి పెంచి, 1 తీసేసి, వచ్చినదానికీ సంఖ్యకూ గ.సా.భా. చూస్తారు. 3607 − 1 = 2 × 3 × 601. 3803 − 1 = 2 × 1901. ఆధారం 2 తీసుకుని హద్దును 601కీ 1900కీ మధ్య పెడితే 3607 ఒక్కటే బయటపడుతుంది. హద్దు 601 కంటే తక్కువైతే ఏదీ దొరకదు. 1901 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెడితే రెండూ ఒకేసారి పట్టుబడి, గ.సా.భా. మొత్తం సంఖ్యే అయి కూర్చుంటుంది. అలా జరిగితే హద్దు పెంచడం కాదు, తగ్గించాలి. గ.సా.భా.ను చివర్లో ఒక్కసారి కాకుండా మధ్యమధ్యలో చూస్తే ఈ ఇబ్బంది రాదు.

ఇరవై, ముప్పై, నలభై అంకెల కారణాంకాలకు లెన్‌స్ట్రా ఎలిప్టిక్ కర్వ్ పద్ధతి, దాదాపు వంద అంకెల సంఖ్యల దాకా క్వాడ్రాటిక్ సీవ్, ఆ పైన నంబర్ ఫీల్డ్ సీవ్ వాడతారు. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ-250 సంఖ్య 2020 ఫిబ్రవరిలో ఈ చివరి పద్ధతితోనే విడిపోయింది. ఆ స్థాయిలో పారీ–జీపీ, సేజ్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోవాల్సిందే. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో సాధారణంగా ఉండే ఫ్యాక్టర్ అనే కమాండ్ మన పదంకెల సంఖ్యను రెప్పపాటులో విడగొడుతుంది.

విభజన పూర్తయిందా, సరిగ్గా ఉందా

3607, 3803 రెండూ ప్రధానాలని తేలేదాకా విభజన పూర్తి కాలేదు. 3607 వర్గమూలం 60.06 కాబట్టి 59 వరకున్న 17 ప్రధానాలు చూస్తే చాలు. 3803కి వర్గమూలం 61.67. అక్కడ 61నీ చూడాలి (శేషం 21). రెండింటికీ 60 దగ్గరే ఆగిపోతే 3803 రుజువు అసంపూర్ణం. ఏదీ భాగించదు, రెండూ ప్రధానాలే.

1,23,45,67,890 = 2 × 3² × 5 × 3607 × 3803

ఇప్పుడు గుణకారం సరిచూడాలి. చాలామందికి అలవాటైనది 9తో శేషాలు పోల్చడం. ఇక్కడ అది పనికిరాదు. లబ్ధంలో 9 ఉంది కాబట్టి 3607 బదులు పొరపాటున 3617 రాసినా శేషం 0 వస్తుంది. చివరి అంకె పోల్చడమూ దండగే, 10 ఉంది కాబట్టి ఎప్పుడూ 0 వస్తుంది. తప్పును పట్టగలిగే పరీక్ష కావాలంటే కారణాంకాల్లో లేని సంఖ్యతో చేయాలి. 11 తీసుకోండి. కుడివైపు నుంచి 0 − 9 + 8 − 7 + 6 − 5 + 4 − 3 + 2 − 1 = −5, అంటే శేషం 6. అవతలి వైపు 90కి శేషం 2, 3607కి 10, 3803కి 8. లబ్ధం 160, దాని శేషం 6. సరిపోయింది.

భాజకాలు, వాటి మొత్తం, ఫై

భాజకాల సంఖ్య: ప్రతి ఘాతాంకానికి 1 కలిపి గుణించండి. 2 × 3 × 2 × 2 × 2 = 48. అవి జంటలుగా కూడతాయి కాబట్టి భాజకాలన్నిటి లబ్ధం మన సంఖ్య యొక్క 24వ ఘాతం.

భాజకాల మొత్తం, అంటే సిగ్మా: ఒక్కో ప్రధానానికి 1 నుంచి దాని పూర్తి ఘాతం దాకా కూడి, ఆ మొత్తాలను గుణించాలి. 3²కి 1 + 3 + 9 = 13. ఇక్కడ (1 + 3)² = 16 అని రాసేయడం బాగా కనిపించే తప్పు. సిగ్మా(అ × ఆ) = సిగ్మా(అ) × సిగ్మా(ఆ) అనే సూత్రం అ, ఆలకు ఉమ్మడి కారణాంకం లేనప్పుడే చెల్లుతుంది. 3కీ 3కీ అది చెల్లదు.

3 × 13 × 6 × 3608 × 3804 = 3,21,16,10,688

సంఖ్యను తీసేస్తే సొంత భాజకాల మొత్తం 1,97,70,42,798. సంఖ్య కంటే ఎక్కువే. మొదట్లో అనుకున్న అబండెంట్ లక్షణంతో సరిపోయింది. సిగ్మాను సంఖ్యతో భాగిస్తే సుమారు 2.6014. ఇందులో 2.6 వాటా 90దే. 3607, 3803 లాంటి పెద్ద ప్రధానాలు ఈ నిష్పత్తిని దాదాపు కదిలించవు.

ఫై: మన సంఖ్య దాకా ఉన్నవాటిలో దానితో ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని అనే లెక్క. ఒక్కసారే ఉన్న ప్రధానానికి ఒకటి తక్కువ, 3²కి 9 − 3 = 6.

1 × 6 × 4 × 3606 × 3802 = 32,90,40,288

సరిచూడటానికి ఒక మంచి ఉపాయం ఉంది. 1కి పైనున్న ఏ సంఖ్యకైనా సిగ్మా × ఫైని సంఖ్య వర్గంతో భాగిస్తే వచ్చేది 0.6079కీ 1కీ మధ్యే ఉండాలి. మనకు 0.6933 వచ్చింది. ఫైలో 6 బదులు 4 రాసి ఉంటే 0.46కి పడిపోయి వెంటనే దొరికేది. సిగ్మాలో 13 బదులు 16 రాసిన తప్పును మాత్రం ఇది పట్టదు, 0.85 అయి హద్దుల్లోనే ఉంటుంది. దానికి వేరే దారి చూడాలి. 90 భాజకాలు 1, 2, 3, 5, 6, 9, 10, 15, 18, 30, 45, 90 నేరుగా కూడండి. 234 వస్తుంది, 3 × 13 × 6 కూడా 234. 16 వాడితే 288 అయ్యేది.

మోబియస్ విలువ (ఏ ప్రధానం వర్గమైనా భాగిస్తే 0, లేకపోతే ప్రధానాల సంఖ్య సరి అయితే 1, బేసి అయితే −1) ఇక్కడ 0, ఎందుకంటే 3² భాగిస్తుంది. ప్రధానాలన్నిటినీ ఒక్కోసారి గుణిస్తే వచ్చే రాడికల్ 41,15,22,630. ఘాతాల శేషాలు లెక్కించేటప్పుడు ఫై కంటే కార్మైకేల్ విలువ (సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని ప్రతి ఆధారానికీ శేషం 1 తెచ్చే అతి చిన్న ఘాతాంకం) సౌకర్యం. 1, 6, 4, 3606, 3802ల క.సా.గు. 1,37,10,012. ఇది ఫైలో 24వ వంతే. 7 లాంటి ఆధారానికి ఘాతాంకాన్ని 1,37,10,012తో భాగించి శేషం వాడుకోవచ్చు. ఆధారానికీ మన సంఖ్యకూ ఉమ్మడి కారణాంకం ఉంటే మాత్రం ఈ సూత్రాన్ని నమ్ముకుని ఆ పని చేయకండి.

వర్గాల మొత్తంగా రాయగలమా

రెండు వర్గాలకు నియమం: 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రతి ప్రధానానికీ ఘాతాంకం సరిసంఖ్య కావాలి. 3కి ఘాతాంకం 2, ఇబ్బంది లేదు. 3607, 3803 రెండింటికీ శేషం 3, ఘాతాంకం 1. కాబట్టి రాయలేం. మొత్తం సంఖ్యకు శేషం 2 కాబట్టి పైపైన చూస్తే రాయగలమేమో అనిపిస్తుంది. 90 తీసేశాక మిగిలిన దానికి శేషం 1 కాబట్టి అక్కడా అడ్డు కనబడదు. శేషం 3 ఉన్న రెండు ప్రధానాలు కలిసి 1గా కనిపించడం వల్ల ఇది విభజన తర్వాతే బయటపడుతుంది.

మూడు వర్గాలతో రాయగలం. 8తో భాగిస్తే శేషం 2, అది నిషిద్ధ రూపంలో (4 ఘాతం × 8తో శేషం 7 వచ్చే సంఖ్య) లేదు. నాలుగు వర్గాలైతే 1770లో లాగ్రాంజ్ రుజువు చేసినట్టు ప్రతి ధన పూర్ణాంకానికీ కుదురుతుంది.

దశాంశం ఎంత దూరం పోయి తిరగబడుతుంది

1ని మన సంఖ్యతో భాగిస్తే 2, 5ల ఘాతాంకాల్లో పెద్దది 1 కాబట్టి బిందువు తర్వాత ఒక్క అంకే తిరగబడని భాగం. ఆ వెంటనే వచ్చే సున్నాలు కూడా తిరగబడే గుంపులోవే, వాటిని వదిలేయకండి. గుంపు పొడవు తెలియాలంటే 9, 3607, 3803లలో ఒక్కోదానికి, 10 యొక్క ఎన్నో ఘాతానికి శేషం 1 వస్తుందో చూసి, వాటి క.సా.గు. తీసుకోవాలి.

9కి ఆ సంఖ్య 1. 3803కి చాలా సులువుగా వస్తుంది. 8తో శేషం 3 కాబట్టి 2 వర్గ అవశేషం (ఏదో ఒక వర్గాన్ని ఆ ప్రధానంతో భాగిస్తే వచ్చే శేషం) కాదు. 5తో శేషం 3 కాబట్టి 5 కూడా కాదు. రెండు కానివి కలిస్తే 10 వర్గ అవశేషమవుతుంది. అప్పుడు జవాబు 3802లో సగమైన 1901ని భాగించాలి. 1901 ప్రధానం, 10కి శేషం 1 కాదు, కాబట్టి జవాబు 1901.

3607కి 8తో శేషం 7, 2 వర్గ అవశేషం. 5తో శేషం 2, 5 కాదు. కాబట్టి 10 కాదు. జవాబు 3606ను భాగించాలి, 1803ను భాగించకూడదు. మిగిలేవి 2, 6, 1202, 3606. రెండో ఘాతం 100. ఆరో ఘాతానికి శేషం 861. రెండూ 1 కావు. ఇక 1202వ ఘాతం. దాన్ని 1024 + 128 + 32 + 16 + 2గా విడగొట్టి, వర్గం మీద వర్గం చేస్తూ శేషాలు రాయండి. శేషం సగానికి మించితే 3607 తీసేసి రుణ సంఖ్యగా ఉంచుకుంటే గుణకారాలు చిన్నవవుతాయి:

2 → 100
4 → −821
8 → −468
16 → −1003
32 → −344
64 → −695
128 → −313
256 → 580
512 → 949
1024 → −1149

కావలసిన అయిదింటినీ (1024, 128, 32, 16, 2) గుణిస్తే చివరకు శేషం 1399. ఇది 1 కాదు, కాబట్టి జవాబు 3606. ఇన్ని గుణకారాల్లో ఎక్కడైనా జారామేమో అన్న అనుమానం సహజం. దానికి సరైన పరీక్ష ఉంది. ఈ శేషం ఘనానికి శేషం 1 రావాలి, అది మాత్రం 1 కాకూడదు. అంటే 1399² + 1399 + 1 విలువను 3607 భాగించాలి. అది 19,58,601 = 3607 × 543. కచ్చితంగా సరిపోయింది. అంతేకాదు, 10కి 3606 మెట్లు పూర్తిగా పట్టడమే 3607 ప్రధానమని మరో రుజువు.

1, 3606, 1901ల క.సా.గు. 3606 × 1901 = 68,55,006. తిరగబడే గుంపులో అన్ని అంకెలుంటాయి.

కంప్యూటర్‌లో చేస్తే ఎక్కడ తప్పుతుంది

మన సంఖ్య 31 బిట్‌లు, 32 బిట్ పూర్ణాంకంలో హాయిగా పడుతుంది. దాని సిగ్మా పట్టదు. గుర్తుతో ఉన్న 32 బిట్‌ల హద్దు 2,14,74,83,647. అది దాటాక 3,21,16,10,688 బదులు −1,08,33,56,608 లాంటిది కనిపిస్తుంది. భాజకాల మొత్తం రుణాత్మకమైతే కారణం ఇదే. మాడ్యులర్ గుణకారాల్లో (గుణించి శేషం మాత్రమే ఉంచుకునేవి) మధ్యలో వచ్చే లబ్ధాలకు సంఖ్య బిట్‌లకు రెట్టింపు చోటు ఉంచాలి.

స్ప్రెడ్‌షీట్‌లు 15 అంకెల తర్వాతివాటిని సున్నాలు చేసేస్తాయి, హెచ్చరిక కూడా ఇవ్వవు. డబుల్ ప్రెసిషన్ దశాంశాల్లో 2⁵³ (9,00,71,99,25,47,40,992) దాటితే పక్కపక్క పూర్ణాంకాలు ఒకటైపోతాయి. పైథాన్ పూర్ణాంకాలకు ఆ హద్దు లేదు గానీ, మామూలు వర్గమూలం ఫంక్షన్ వాడితే దశాంశాల్లోకి జారి ఒకటి తేడా వస్తుంది. దాని బదులు పూర్ణాంక వర్గమూలం ఫంక్షన్ (వెర్షన్ 3.8 నుంచి ఉంది) వాడండి. భాగహారంలోనూ పూర్ణాంక భాగహారమే.

సొంతంగా చేసి చూడటానికి

98,76,54,321 తీసుకోండి. మన మొదటి సంఖ్యతో దీని గ.సా.భా. తెలుసుకోవడానికి విభజన అక్కర్లేదు, యూక్లిడ్ పద్ధతి చాలు. మొదటి భాగహారంలో శేషం 24,69,13,569, రెండోదానిలో 45, మూడోదానిలో 9, నాలుగోదానిలో 0. గ.సా.భా. 9.

విభజన 3² × 17² × 3,79,721 రావాలి. 17 రెండుసార్లు ఉందని మర్చిపోతే మిగిలిన భాగం 64,55,257 అవుతుంది. ఫెర్మా పద్ధతి లక్షా ఎనభై వేల మెట్లకు పైగా తిప్పే సంఖ్య అదే. భాజకాలు 18, సిగ్మా 1,51,54,70,502, ఫై 61,97,03,040. 17కీ 3,79,721కీ 4తో శేషం 1, 3కి ఘాతాంకం సరి. కాబట్టి ఇది రెండు వర్గాల మొత్తం అవుతుంది, అదీ సరిగ్గా 3 రకాలుగా.